సత్తెమ్మ చెప్పిన రంగుల వరస

మా వైపు సత్తెమ్మ అంటే ఎవరికీ వెంటనే గుర్తు రాదు. "రాజుగారింట్లో అల్మారాలో దూరిన మనిషి" అంటే మాత్రం కిళ్ళీకొట్టు దగ్గర నించున్నవాడు కూడా ఇల్లు చూపిస్తాడు. ఆ అల్మారాలో ఆవిడ రెండు గంటలు ఏం చేసిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. నేను చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను గానీ ఇదేమీ గొప్ప కాదు. నోరు విప్పాల్సిన రోజున విప్పనివాడు తర్వాత పుస్తకాలు రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే.

నా పేరు పాపారావు. ముమ్మిడివరంలో కరెంటు సామాన్ల కొట్టు ఉంది, ఇళ్ళకి వైరింగు పనులు చేస్తాను. సత్తెమ్మది మా ఊరి చివర, రొయ్యల చెరువుల గట్టు పక్కన రెండు గదుల డాబా. ఆవిడ మొగుడు బంగారయ్య కొబ్బరి దింపు తీసేవాడు. తొంభై ఆరు తుఫానుకి వేళ్ళు కదిలిన చెట్లు చాలా తోటల్లో నిలబడే ఉండేవి, చూడ్డానికి బాగానే కనిపించేవి. ఆ తర్వాతి దింపులో అలాంటి చెట్టొకటి బంగారయ్యతో సహా పడిపోయింది. తోట ఆసామి దినకార్యానికి ఒక బస్తా బియ్యం పంపించి చేతులు దులుపుకున్నాడు.

రెండేళ్ళ కూతురు కుసుమని తల్లి ఒళ్ళో పెట్టి తొంభై ఏడులో సత్తెమ్మ కువైట్ విమానం ఎక్కింది. అదేం వింత కాదు. వీధికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అక్కడ ఎవరో ఒకరి వంటింట్లో ఉంటారు, వాళ్ళు పంపిన డబ్బుతో ఇక్కడ గచ్చులూ గేట్లూ లేస్తాయి. సత్తెమ్మ పదకొండేళ్ళు ఒకే ఇంట్లో చేసింది. మూడేళ్ళకోసారి రెండు నెలలు వచ్చి వెళ్ళేది. మొదటిసారి వచ్చినప్పుడు కుసుమ అమ్మమ్మ చెంగు పట్టుకుని, "ఈ ఆంటీగారు ఎప్పుడెళ్ళిపోతారు?" అని అడిగిందట. ఆ మాట సత్తెమ్మే నాకు చెప్పింది, నవ్వుతూ చెప్పింది.

రెండువేల ఎనిమిది వేసవిలో ఆ అమ్మమ్మ కాస్తా పోయింది. సత్తెమ్మ వచ్చి కర్మకాండ జరిపించి, పదమూడేళ్ళ పిల్లతో ఇంట్లో మిగిలింది. పాత ఇంటివాళ్ళే మళ్ళీ రమ్మంటున్నారని, శ్రావణం వెళ్ళేలోగా పాస్‌పోర్టు ఇవ్వకపోతే వీసా ఇంకొకరికి ఇచ్చేస్తానని ఏజెంటు కబురు పెట్టాడు. వెళ్తే కుసుమని అమలాపురంలో హాస్టల్లో పడెయ్యాలి. అప్పుడప్పుడే ఆ పిల్ల అమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. ఈసారి వెళ్ళకూడదని, ఇక్కడే ఏదో ఒక పని చూసుకుని బతకాలని సత్తెమ్మ గట్టిగా అనుకుంది. పనంటే ఏముంది? బాపిరాజుగారి కొత్త ఇంట్లో గచ్చులు కడిగే కూలి దొరికింది.

బాపిరాజుగారికి నలభై ఎకరాల రొయ్యల చెరువులు. మంచివారే, ఎవరినైనా అండీ అనే పిలుస్తారు. ఆ ఇంటి మీద ఆయనకి ఒక సరదా. హాల్లో గోడకి పెద్ద టీవీ ఒక్కటే కనపడాలి. డిష్ డబ్బా, సినిమాలు వేసే ప్లేయరు, స్పీకర్ల యాంప్లిఫయరు, ఏదీ కంటికి ఆనకూడదు, ఒక్క వైరు ముక్క కనపడకూడదు. అన్నీ హాల్లోనే టీవీ కింద గోడలో గూడు కట్టి తలుపు పెడదామన్నాను. అలా చేసుంటే రెండు మీటర్ల వైరుతో పని అయిపోయేది. కానీ వాస్తు సిద్ధాంతిగారు వచ్చి చూసి, "వేడి పుట్టే సామానంతా ఆగ్నేయంలో ఉండాలండి, ఈశాన్యం గోడకి పెడతారా ఎవరన్నా?" అన్నారు. అంతే. సామానంతా ఇంటికి ఆ మూల వంటింటి పక్క సామాన్ల గదిలో, మెట్ల కింద కట్టిన లోతైన అల్మారాలోకి పోయింది. టీవీ ఈ మూల, సామాను ఆ మూల, మధ్య డెబ్బై అడుగుల పైపు.

బొమ్మని తీసుకెళ్ళే మామూలు వైరు అంత దూరం పనికిరాదు. సామాను అమ్మిన హైదరాబాదు కొట్టువాళ్ళు దానికో ఉపాయం చెప్పారు. కంప్యూటర్లకి వాడే నెట్‌వర్క్ వైర్లు రెండు గోడలో లాగి, అటు చివర ఒక చిన్న డబ్బా, ఇటు చివర ఒక చిన్న డబ్బా పెడితే బొమ్మ ఆ వైర్ల మీద నడిచి వస్తుంది. వైర్లు నన్నే లాగమన్నారు. లాగాను. ఒక్కో వైరులో సన్నటి తీగలు ఎనిమిది, రెండేసి మెలిపెట్టి నాలుగు జతలు. చివర్లకి ప్లాస్టిక్ క్లిప్పులు బిగించాలి. నేను పాతికేళ్ళ నుంచి వైరింగు చేస్తున్నవాణ్ణి, నాకొకరు చెప్పాలా? ఏ జత పక్కన ఆ జతని ముచ్చటగా వరసలో పెట్టి, రెండు చివర్లా ఒకేలా బిగించాను. టెస్టరు పెట్టి చూస్తే ఎనిమిది తీగలూ వెలిగాయి. గోడకి లప్పం పెట్టించి, రంగులు వేయించి, నా భుజం నేనే తట్టుకున్నాను.

గృహప్రవేశం రెండు రోజులుందనగా హైదరాబాదు నుంచి హేమంత్ అనే కుర్ర ఇంజనీరు వచ్చి సామానంతా అమర్చాడు. టీవీ వెయ్యగానే నీలం తెర వచ్చింది, బొమ్మ లేదు. మీటర్లు పెట్టి గంటసేపు చూసి, "వైరింగు ఎవరు చేశారండి?" అన్నాడు. ఆ అడగడంలోనే తీర్పు ఉంది. గోడ పగలగొట్టి కొత్త వైర్లు లాగాల్సి రావచ్చనీ, పది రోజులయ్యాక తన మనుషులతో వస్తాననీ చెప్పి బస్సెక్కేశాడు.

రాజుగారు నన్ను పక్కకి పిలిచి, "పాపారావుగారూ, వచ్చేవాళ్ళంతా మా చుట్టాలండి. రాజోలు నుంచి, తాటిపాక నుంచి వస్తారు. పాలు పొంగించగానే టీవీలో వెంకన్న కల్యాణం వెయ్యాలని మా ఆవిడ మొక్కుకున్నారు. రేపు సాయంత్రానికి బొమ్మ రావాలండి. లేదంటే, ఇల్లు మొత్తం వైరింగు చేసిందెవరని అందరూ అడుగుతారు కదండీ?" అన్నారు. ఎంత మర్యాదగా చెప్పారో చూడండి. నా పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. అన్ని తీగలూ వెలుగుతున్నాయి, బొమ్మ మాత్రం రాదు. ఎక్కడని వెతకను?

మర్నాడు మధ్యాహ్నం సామాన్ల గదిలో అల్మారా ముందు తల పట్టుకుని కూర్చున్నాను. సత్తెమ్మ గచ్చు కడుగుతూ వచ్చి, కోసి పడేసిన వైరు ముక్క తీసి, క్లిప్పులోకి తొంగి చూసింది.

"అన్నయ్యగారూ, ఈ ఆకుపచ్చ జత విడిపోవాలండి," అంది.

"నీకెందుకమ్మా ఈ గోల? ఆ బకెట్ అటు జరుపు," అన్నాను.

ఆవిడ బకెట్ జరిపింది గానీ, తను జరగలేదు. "కోప్పడకండి. కువైట్‌లో నేను పనిచేసిన అమ్మగారింట్లో ఆడవాళ్ళ వైపుకి మొగాళ్ళు రాకూడదండి. సామానంతా మొగాళ్ళ వైపు గదిలో దాచిపెట్టేవారు, టీవీ మాత్రం ఆడవాళ్ళ హాల్లో ఉండేది. ఫిలిప్పీన్ మేస్త్రి వస్తే గుమ్మం అవతలే నిలబడిపోయేవాడండి. ఇవతలి చివర నేనే కోసి, నేనే బిగించాలి. అతను అట్నించి రంగులు అరిచేవాడు. ఆరేళ్ళు బిగించేనండి. మొదట్లో నేనూ మీలాగే పక్కపక్కన పెట్టేదాన్ని. అలా పెడితే లైట్లన్నీ వెలుగుతాయి, బొమ్మ రాదండి."

ఆవిడ చేతిలోని ముక్కని గోటితో చీల్చి తీగలు విడదీసింది.

"మూడు జతలు కలిసే కూర్చోవాలండి. ఆకుపచ్చ మొగుడూ పెళ్ళాలు మటుకు విడిగా కూర్చోవాలి, మధ్యలో నీలం జత కూర్చోవాలి. ఎందుకని అడక్కండి, అది నాకు తెలీదు. ఆరెంజి తెలుపు, ఆరెంజి, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, బ్రౌను తెలుపు, బ్రౌను. రెండు చివర్లా ఇదే వరసండి."

తర్వాత తెలుసుకున్నాను, ఆ క్లిప్పులో మూడోదీ ఆరోదీ ఒకే జత కావాలట. నేను వేరే వేరే జతల్లోవి అక్కడ పెట్టడంతో ఒకదాని మాటలు ఒకటి కలిపేసుకుని అంతా గందరగోళం అయిపోయిందన్నమాట. కరెంటు తీగకి వెలిగిందా లేదా అన్నదే లెక్క, ఎవరి పక్కన ఎవరున్నారన్నది పట్టదు. నాకు తెలిసింది కరెంటు తీగే.

"సత్తెమ్మా, ఇది గనక పనిచేస్తే..." అన్నాను.

ఆవిడ వెంటనే అందుకుంది. ఎన్నాళ్ళ నుంచి ఆ మాట లోపల పెట్టుకుందో. "పనిచేస్తే నన్ను మీ దగ్గర పనిలో పెట్టుకోండి అన్నయ్యగారూ. ఇలాంటి ఇళ్ళు ఇంకా కడతారు కదండీ. నేను చేసేనని రాజుగారికి ఓ మాట చెప్పండి, చాలు. నలుగురికీ తెలిస్తే ఆడమనిషని వెనకాడరు. నేను మళ్ళీ వెళ్ళక్కర్లేదు. పిల్ల నా దగ్గరే ఉంటది."

"ఆయ్, తప్పకుండా," అన్నాను. మాటివ్వడానికి ఖర్చేముంది?

ఆవిడ అల్మారాలో దూరి లోపలి రెండు చివర్లూ కోసి బిగించింది. నేను హాల్లో టీవీ వెనక నిలబడి ఆవిడ అరిచిన వరసలో బిగించాను. లోపల గాలాడదు, ఆవిడ చీర తడిసి ముద్దయింది. ఒక క్లిప్పు సరిగ్గా పడలేదని తీసేసి మళ్ళీ చేసింది. నేనైతే వదిలేసేవాణ్ణి. రెండు గంటలు పట్టింది. టీవీ వేశాం. బొమ్మ వచ్చింది. వచ్చిందంటే, చేప పొలుసులు లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా వచ్చింది. సత్తెమ్మ హాలు గుమ్మం దగ్గర నిలబడి చూసి, చేతులు చీరకి తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

టీవీ చప్పుడుకి రాజుగారు పరుగెత్తుకొచ్చారు. వెనకాల నలుగురు చుట్టాలు. సత్తెమ్మ మర్యాదకి తప్పుకుని వంటింటి వైపు వెళ్ళిపోయింది.

"భలేవారండీ పాపారావుగారూ! హైదరాబాదోడు చేతులెత్తేసిన పని. ఎలా పట్టేరండి?" అన్నారు రాజుగారు.

అదీ ఆ క్షణం. నోరు తెరిచాను. వంటింటి గుమ్మంలోంచి సత్తెమ్మ చీర అంచు కనపడుతూనే ఉంది.

"ఏముందండి, జతలు సరిచూసేను," అన్నాను.

ఎందుకలా అన్నావని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఒక సాకు దొరికింది. రేపు పొద్దున్న గృహప్రవేశం, ఇవాళ ఈ ఇంట్లో మొదటిసారి బొమ్మ తెప్పించింది మొగుడు పోయిన మనిషి చేతులని చెప్తే ఉమామహేశ్వరిగారు ఊరుకుంటారా, శుభమా అని ఏడవరా, సత్తెమ్మ మంచికే దాచానని చెప్పుకున్నాను. ఉమామహేశ్వరిగారంటే రాజుగారి భార్య, పట్టింపుల మనిషి. సాకు బాగానే ఉంది. నిజం ఏమిటంటే, చుట్టాల్లో రాజోలు ఆయన అప్పటికే నా భుజం మీద చెయ్యేసి, "మా ఇంటికీ మీరే చెయ్యాలండి," అంటున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ సోకు చాలా బాగుంటుంది. ఒంటి మీదకి వచ్చాక విప్పబుద్ధి కాదు.

సత్తెమ్మ నన్నేమీ అడగలేదు. గృహప్రవేశం అయ్యాక చెప్తానేమో అనుకుని ఉంటుంది.

మర్నాడు పాలు పొంగాయి, కల్యాణం బొమ్మ కూడా వచ్చింది, అందరూ నన్ను మెచ్చుకున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళ ఉమామహేశ్వరిగారి వెండి కుంకుమ భరిణె కనపడలేదు. పూజ సామాను సామాన్ల గదిలోనే పెట్టారు, అల్మారాకి ఎదురుగా. ఎవరో వంటమనిషి అంది, నిన్న కువైట్ సత్తెమ్మ ఆ అల్మారాలో చాలాసేపు దూరిందని.

సత్తెమ్మ పెరట్లో విస్తళ్ళు ఎత్తుతోంది. పిలిపించారు. ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టలేదు. మా కోనసీమలో మనిషిని దొంగని చెయ్యాలన్నా అండీ పెట్టే చేస్తాం.

"ఏం లేదమ్మా, నిన్న అల్మారాలోకి ఎందుకెళ్ళేరండి మీరు? గచ్చు కడగడానికి అల్మారాలో పనేంటండి?" అన్నారు ఉమామహేశ్వరిగారు.

సత్తెమ్మ నా వైపు చూసింది. అందరి ముందూ ఆవిడ చూసింది నన్నొక్కణ్ణే. నా దగ్గర ఒక్క ముక్క ఉంది. "టీవీ బాగుచెయ్యడానికి నేనే పంపేనండి" అంటే అయిపోయేది. అది అంటే, నిన్న నేను చెప్పింది అబద్ధమని రాజోలు ఆయనా, తాటిపాక ఆయనా, రాజుగారూ అందరూ వినాలి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి జేబులోని టెస్టరు మీదకి పోయింది. విస్తరి ముందు కూర్చుని మజ్జిగ పోసుకున్నాను.

"వైర్లు బిగించేనండి," అంది సత్తెమ్మ చివరికి.

ఎవరో పకపకా నవ్వారు. నవ్వడం తప్పు కూడా కాదు, వాళ్ళకి అది నవ్వొచ్చే మాటే. రాజుగారు నా వైపు తిరిగి, "ఏవండి పాపారావుగారూ?" అన్నారు. "సాయంగా... తీగముక్కలు అందించిందండి," అన్నాను. అలా అంటే కాస్త మేలు చేసినట్టే అనుకున్నాను. అందివ్వడానికి అల్మారాలో దూరడం ఎందుకని వెంటనే ఇంకొకరు అడిగారు. సత్తెమ్మ చీర కొంగు విప్పి దులిపి చూపించి, ఆ రోజు కూలి తీసుకోకుండా వెళ్ళిపోయింది.

నాలుగు రోజుల తర్వాత స్పీకర్లు సరిచెయ్యడానికి రాజుగారింటికి వెళ్ళాను. ఉమామహేశ్వరిగారు కాఫీ ఇస్తూ, "భరిణె దొరికిందండి, అక్షింతల బియ్యం గిన్నెలో ఉండిపోయింది, నేనే పెట్టి మర్చిపోయేను," అన్నారు.

"సత్తెమ్మకి చెప్పేరాండి?" అన్నాను.

"ఇప్పుడెళ్ళి చెప్తే, ఆ రోజు అనుమానించేమని మనమే ఒప్పుకున్నట్టు కాదండీ?" అన్నారావిడ. ఆవిడని ఏమనను? నేను మాత్రం తక్కువా?

ఆ సాయంత్రం సైకిలేసుకుని చెరువు గట్టు మీంచి సత్తెమ్మ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో ట్రంకు పెట్టె ఉంది, దాని మీద తెల్ల రంగుతో కుసుమ పేరూ తరగతీ రాసి ఉన్నాయి. పిల్ల లోపల పుస్తకాలు సర్దుకుంటోంది, నన్ను చూసి తలుపు దగ్గరగా వేసుకుంది. సత్తెమ్మ కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. భరిణె దొరికిందని చెప్పాను. "మంచిదండి," అంది. పాస్‌పోర్టు ఏజెంటుకి ఇచ్చేశానని కూడా చెప్పింది. రాజోల్లో ఇంకో ఇల్లు వచ్చింది, నీకు రోజుకి నా కూలీలకన్నా ఎక్కువే ఇస్తాను, ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకోమని చెప్పాను.

"రాజుగారికి చెప్పేరా అన్నయ్యగారూ, ఆ పని నేను చేసేనని?"

"చెప్తాను సత్తెమ్మా. ఇప్పుడే ఎందుకు, కాస్త నిదానంగా..."

"ఆయ్," అంది. ఆ ఆయ్‌లో కోపం ఉంటే బాగుండేది. "అక్కడ ఇంట్లో ఏదన్నా కనపడకపోతే ముందు నా పెట్టే తీయించేవారండి. పదకొండేళ్ళలో ఎన్నిసార్లో. పరాయి దేశం కదా అనుకుని ఊరుకునేదాన్ని. ఇక్కడుండి ఏమనుకుని ఊరుకోనండి?"

నీళ్ళ గ్లాసు కింద పెట్టి లేచాను. ఆవిడ గేటు దాకా వచ్చి, చీకటి పడుతోంది, గట్టు మీద జాగ్రత్తండి అని కూడా చెప్పింది.

శుక్రవారం కుసుమని హాస్టల్లో దింపి, అట్నించటే కువైట్ విమానానికి హైదరాబాదు బస్సెక్కిందట. ఆ రోజు నేను రాజోల్లో ఉన్నాను. వైర్లు లాగి, నాలుగు చివర్లూ ఆవిడ చెప్పిన వరసలో బిగించి టీవీ వేస్తే, మొదటిసారికే బొమ్మ వచ్చింది. ఆ ఇంటాయన ముచ్చటపడిపోయి, "ఇంత కష్టమైన పని ఎక్కడ నేర్చుకున్నారండి?" అని అడిగాడు.

"అనుభవమండి," అన్నాను.